పవర్ విండో మళ్లీ పోయిందా? కంపెనీదా, లోకల్‌దా, పాతదా: ఏది మేలు?

పోయిన నెల మా బావ కారులో కొండకు వెళ్లాం. అలిపిరి చెక్‌పోస్టులో మా వంతు వచ్చింది. బావ అద్దం దించబోతే దిగలేదు. స్విచ్చి నొక్కినప్పుడల్లా డోర్ లోపల ‘టిక్’ మని చప్పుడు, అంతే. చివరికి డోర్ తెరిచి, సగం బయటికి వంగి మాట్లాడాల్సి వచ్చింది. వెనక బండ్లవాళ్లు ఒకటే హారన్లు. ఘాట్ రోడ్డు ఎక్కినంతసేపూ ఆయనది ఒకటే మాట: ‘రెండేండ్లలో ఇది మూడోసారి రా. ఈసారన్నా కంపెనీది ఏపిద్దామా, లేకుంటే మళ్లీ లోకల్‌దే చాలా? మద్రాసు నుంచి పాతది తెప్పిస్తే ఎట్లుంటాది?’

పదేండ్లు దాటిన కారున్న ఇంట్లో ఈ మాట ఏదో ఒక రోజు వస్తుంది. మా అపార్ట్‌మెంట్‌లోనే ఈ ఏడాది ముగ్గురు అడిగారు. నా కారు 2009 నాటిది. డ్రైవర్ వైపు అద్దం దాంట్లో కూడా మూడుసార్లు పోయింది. అందుకే నాకు తెలిసినంతవరకు అంతా ఒకచోట రాస్తున్నాను.

పార్టు కొనడానికి ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. రాత్రిపూట ఇంజన్ స్టార్ట్ చేయకుండా, తాళం మాత్రం ఆన్‌లో పెట్టి, లోపలి లైటు వేసుకుని స్విచ్చి నొక్కండి. లైటు కొంచెం మసకబారిందంటే కరెంటు మోటారు దాకా పోతోంది, అద్దమో మోటారో బిగుసుకుంది. లైటు కొంచెం కూడా తగ్గకపోతే కరెంటే పోవడం లేదు. అప్పుడు చూడాల్సింది ఫ్యూజు, స్విచ్చి, డోర్‌కీ పిల్లర్‌కీ మధ్య నల్ల రబ్బరు గొట్టంలోంచి పోయే వైర్లు. డోర్ తెరిచి మూసి, తెరిచి మూసి ఆ వైర్లలో రాగి లోపలే తెగుతుంది. పైన తొడుగు మాత్రం చెక్కుచెదరదు, చూస్తే బాగానే కనిపిస్తుంది. డోర్ ఒక కోణంలో ఉంటే అద్దం కదిలి, ఇంకో కోణంలో కదలకపోతే నూటికి తొంభై పాళ్లు అదే. దీనికి ఎలక్ట్రీషియన్ అరగంట పని చాలు. ఏ పార్టూ కొనక్కర్లేదు.

మోటారు గిర్రున తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూ అద్దం మాత్రం కదలకపోతే, లోపల నైలాన్ గేరు పళ్లు అరిగి ఉంటాయి, లేదా కేబుల్ తెగి ఉంటుంది. ‘కరకర’ మని వచ్చి అద్దం డోర్ లోపలికి జారిపోతే, అద్దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పో కేబుల్ తిరిగే చక్రమో పగిలింది. సగం దాకా ఎక్కి ఆగిపోయి, పది నిమిషాల తర్వాత మళ్లీ ఎక్కితే మోటారు వేడెక్కి తనంతట తాను కట్ అవుతోందని అర్థం. కాలిపోకుండా మోటారులోనే ఆ ఏర్పాటు ఉంటుంది. ఈ చివరి లక్షణాన్ని గుర్తుపెట్టుకోండి, అసలు కథ అక్కడే ఉంది.

ఇక బేరాల సంగతి. రెగ్యులేటర్ అన్నా, కొన్ని షాపుల్లో అన్నట్టు మిషన్ అన్నా ఒకటే: అద్దాన్ని ఎత్తి దించే రైలు, కేబుల్. దానికి మోటారు కూడా బిగించి ఉంటే సెట్టు అంటారు. 2016లో మొదటిసారి పోయినప్పుడు నేను మోటారుతో సహా లోకల్ సెట్టు 1,400 రూపాయలకు తెచ్చాను, కూలి 400. రెండేండ్లకే అది చప్పుడు చేసి ఆగిపోయింది. 2018లో మళ్లీ అదే ఖర్చు. లోకల్ సెట్టులో రైలు రేకు పలచగా ఉంటుంది, స్క్రూ రంధ్రాలు ఒక్కోసారి వెంట్రుకవాసి పక్కకు ఉంటాయి. మెక్కానిక్ లాగి బిగిస్తాడు, అద్దం కొంచెం వంకరగా ఎక్కుతుంది. డ్రైవర్ అద్దం ఒక్క నొక్కుకే పైదాకా ఎక్కే బండ్లలోనైతే లోకల్ మోటారు అసలు వద్దు. పిల్లల చెయ్యి అడ్డం వస్తే ఆగి వెనక్కి దిగాల్సిన సెన్సరు అందులో ఉండకపోవచ్చు.

కంపెనీ పార్టు ధర రెండింతలకు పైనే ఉంటుంది. అయితే చాలామందికి తెలియని సంగతి, చాలా మోడళ్లకు మోటారు వేరుగా, రెగ్యులేటర్ వేరుగా దొరుకుతాయి. కౌంటర్‌లో ‘పవర్ విండో సెట్టు’ అని అడిగితే మొత్తం సెట్టే చేతికిస్తారు. ఆర్‌సీ ఫొటో తీసుకెళ్లి, ఛాసిస్ నంబరు చూపించి, రెగ్యులేటర్ ఒక్కటే కావాలని అడగండి. పాత మోడలైతే తెప్పించడానికి వారం పదిరోజులు పడుతుంది.

పాత బండి నుంచి తీసిన పార్టుకు మనవాళ్లు చెన్నై పుదుప్పేటకు పోతారు. ఇక్కడ ఆటోనగర్‌లోనూ అడిగితే తెప్పిస్తారు. మోటారు ఒక్కటే కావాలంటే ఇది మంచి బేరమే. ఒరిజినల్ మోటారు గట్టిది, అందులోనూ ఎక్కువగా వాడని డోర్‌ది దొరికితే ఇంకా మంచిది. ఎడమా కుడీ చూసుకోండి, తిరిగి మార్చుకోవడానికి మళ్లీ అంత దూరం పోలేరు. రెగ్యులేటర్ మాత్రం పాతది తీసుకోకండి. ఆ ప్లాస్టిక్ చక్రాలకూ మీ బండి వయసే ఉంటుంది, అదే ఎండలో ఎండి ఉంటాయి.

ఇప్పుడు 2021 నవంబరుకు వస్తాను. ఆ నెల 18న తిరుపతిని ముంచెత్తిన వాన ఎవరూ మరచిపోలేదు. ఆ సాయంత్రమే నా రెండో లోకల్ సెట్టు సగంలో ఆగిపోయింది. అద్దం కిందికీ రాదు, పైకీ పోదు. ప్లాస్టిక్ పట్ట కప్పి టేపులు అంటించాను, గాలికి అవి ఊడిపోయాయి. తెల్లారేసరికి సీటు నీళ్లు తాగిన స్పాంజిలా ఉంది. నీళ్లు తగ్గాక, నాకు తెలిసిన పెద్ద వయసు మెక్కానిక్ ఒకాయన దగ్గరికి బండి తీసుకెళ్లాను. అందరూ భాయ్ అని పిలుస్తారు. ‘ఇంకో సెట్టు తెస్తాను భాయ్, బిగించు’ అన్నాను.

ఆయన డోర్ ప్యాడ్ ఊడదీసి, అద్దాన్ని రెగ్యులేటర్ నుంచి విడిపించి, నా చేతులు పట్టుకుని అద్దం అంచు మీద పెట్టాడు. ‘ఎత్తి చూడు సామీ’ అన్నాడు. రెండు చేతులతో ఎత్తితే సగం దాకా వచ్చి బిగుసుకుపోయింది. ఇంకొంచెం బలం పెడితే కీచుమంది. ‘నీ చేతులకే రానిది, ఆ బుడ్డి మోటారు ఎట్ల ఎత్తాల? నువ్వు కొంటాండేది మోటార్లు, పోయిండేది రబ్బరు’ అన్నాడు.

తర్వాత అద్దం పక్కల జారే గాడిలోని రబ్బరును పై నుంచి కింది దాకా లాగేశాడు. కొత్తగా ఉన్నప్పుడు దాని లోపలి వైపు మఖమల్ లాంటి నూగు ఉంటుంది, అద్దం దాని మీద జారుతుంది. నా రబ్బరులో నూగు ముందు వైపు కొంచెం మిగిలింది, వెనక వైపు పూర్తిగా పోయింది. అక్కడ ఉత్త రబ్బరు అద్దాన్ని కరిచి పట్టుకుంటోంది. గాడి అడుగున దుమ్ము తడిసి, ఎండి, తడిసి, ఎండి పెచ్చులు కట్టింది. భాయ్ స్క్రూడ్రైవర్‌తో గీరితే ముక్కలుగా ఊడి నేల మీద పడింది. కొత్త రబ్బరు వేసి అద్దం మళ్లీ నా చేతికిచ్చాడు. రెండు వేళ్లకే పైకి వచ్చింది.

అద్దం బిర్రుగా ఉంటే మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది, వేడెక్కుతుంది, కట్ అవుతుంది. మనం స్విచ్చి వదలకుండా నొక్కుతూనే ఉంటాం. కేబుల్ మీద లాగుడు పెరిగి, ఎండకు పెళుసెక్కిన ప్లాస్టిక్ చక్రం పగులుతుంది. కొత్త సెట్టు వేస్తే కొత్త బలం కాబట్టి ఏడాదో రెండేండ్లో లాగుతుంది, తర్వాత అదీ అంతే. మన ఊరి ఎండకు మే నెలలో మధ్యాహ్నమంతా బయట నిలబడిన కారులో రబ్బరు గట్టిపడకుండా ఎలా ఉంటుంది? కంపెనీదా, లోకల్‌దా అని మనం వాదించుకునేది రెండో ప్రశ్న. అద్దం చేత్తో ఎత్తితే వస్తుందా రాదా అన్నది మొదటి ప్రశ్న. దీన్ని చూడకుండా సెట్టు బిగించే మెక్కానిక్‌ను ఒక్క నిమిషం ఆపి, మీరే అద్దం ఎత్తి చూడండి.

ఆ రోజు కంపెనీ సెట్టు 3,100, రబ్బరు 700, కూలి 500 అయింది. అంతకుముందు రెండుసార్లు పెట్టింది 3,600. ఇప్పటిదాకా ఆ డోర్ మళ్లీ విప్పలేదు. నాకు బాధ కలిగించేది డబ్బు కాదు. 2016లో బండితో వచ్చిన ఒరిజినల్ మోటారును పరీక్షించకుండానే షాపులో వదిలేసి వచ్చాను. రబ్బరు మార్చి ఉంటే అది ఇప్పటికీ తిరుగుతుండేదని నా నమ్మకం.

అందుకే ఎవరడిగినా నా మాట ఇది: ముందు రబ్బరు మార్చండి. ఉన్న మోటారు తిరుగుతుంటే దాన్ని పారేయకుండా కంపెనీ రెగ్యులేటర్ ఒక్కటే తెచ్చి దానికి బిగించండి. మోటారు కూడా పోయి ఉంటే కంపెనీ సెట్టు, లేదా కొత్త రెగ్యులేటర్‌కు పాత ఒరిజినల్ మోటారు. లోకల్ సెట్టు వద్దే వద్దని మాత్రం అనను. ఒకటి రెండేండ్లలో బండి అమ్మేసేవాళ్లకు కొత్త రబ్బరుతో లోకల్ సెట్టు చాలు. మా పక్కింటాయన అలాగే వేయించాడు, నాలుగో ఏడు నడుస్తోంది. రబ్బరు మార్చకుండా వేసిన కంపెనీ సెట్టు కంటే, రబ్బరు మార్చి వేసిన లోకల్ సెట్టు ఎక్కువ కాలం వస్తుందని కూడా చెబుతాను. డోర్ ప్యాడ్ విప్పిన ప్రతిసారీ ఒకటి రెండు క్లిప్పులు విరుగుతాయి, ఆ తర్వాత గుంతల్లో డోర్ గడగడలాడుతుంది. మాటిమాటికీ విప్పించుకోకపోవడమే లాభం.

మోటారుకు బ్రష్షులు, నైలాన్ గేరు మార్చి బాగుచేసేవాళ్లు ఉన్నారు. నమ్మకమైన చెయ్యి అయితే వేయించుకోండి. పవర్ తీసేసి చేత్తో తిప్పే హ్యాండిల్ పెట్టించవచ్చు, అదే మోడల్‌లో కింది వేరియంట్ రెగ్యులేటర్ దొరకాలి, డోర్ ప్యాడ్‌కు రంధ్రం చేయాలి. బిర్రు అద్దాన్ని అప్పుడు మీ చెయ్యే లాగాలి.

కత్తెర లాంటి చేతులున్న పాత రకం రెగ్యులేటర్ ఉన్న బండ్లకు ఒక హెచ్చరిక. దానికి గట్టి స్ప్రింగు ఉంటుంది. మోటారు విప్పగానే ఆ చేతులు ఎగిరి వేళ్లు నలిపేస్తాయి. ఇంట్లో మీరే విప్పకండి.

పని అయ్యాక రబ్బరుకు గ్రీజు, ఇంజన్ ఆయిల్, కొబ్బరినూనె ఏదీ రాయకండి. రెండు రోజులు బాగా జారుతుంది, తర్వాత దుమ్మంతా పట్టుకుంటుంది, ఇంజన్ ఆయిల్ రబ్బరును ఉబ్బించి పాడు చేస్తుంది. సిలికాన్ స్ప్రే ఒక్కటే, ఎండాకాలం ముందొకసారి, నవంబరు వానల ముందొకసారి. డోర్ అడుగున నీళ్లు పోయే రంధ్రాలను చీపురు పుల్లతో పొడిచి చూడండి. డోర్ ప్యాడ్ వెనక ఉండే ప్లాస్టిక్ కాగితాన్ని మెక్కానిక్ చింపి పక్కన పడేస్తే, దాన్ని మళ్లీ అంటించమని గట్టిగా అడగండి. అది లేకపోతే వాన నీళ్లు లోపలికి, స్విచ్చుల మీదికి వస్తాయి. ఇంకో మాట, 2021లో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక టోల్ దగ్గర అద్దం దించే పని పోయింది. ఏసీ ఉంది కాబట్టి వెనక అద్దాలను నెలల తరబడి ఎవరూ ముట్టుకోరు. అవి రబ్బరుకు అతుక్కుపోతాయి. వారానికొకసారి నాలుగూ దించి ఎక్కించండి.

పోయిన ఆదివారం చిత్తూరు వెళ్లి బావ కారు డోర్ విప్పించాం. అద్దం విడిపించి ఎత్తితే, ఆయన రెండు చేతులకూ రాలేదు. రబ్బరు వెనక మూల చిరిగి మడత పడి ఉంది. రెగ్యులేటర్‌లో ప్లాస్టిక్ చక్రం రెండు ముక్కలైంది. మోటారును బయటికి తీసి బ్యాటరీకి రెండు వైర్లు పెడితే అటూ ఇటూ చక్కగా తిరిగింది. ‘ఇది బాగనే ఉంది కదరా! ముందు రెండింటినీ పారేస్తినే’ అని బావ దాన్ని కాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. రబ్బరుకూ కంపెనీ రెగ్యులేటర్‌కూ ఆర్డరు పెట్టాం, వచ్చే వారం వస్తాయన్నారు. అప్పటిదాకా అద్దం జారిపోకుండా లోపల చెక్కముక్క ఒకటి అడ్డం పెట్టాం. మోటారును పాత తువ్వాలులో చుట్టి డిక్కీలో పెట్టుకున్నాడు.