హ్యామ్ రేడియో పరీక్ష: కాగితమా, ట్యాబ్లెట్టా?

అమెరికాలో హ్యామ్ రేడియో (సరదా కోసం నడుపుకునే రేడియో) తొలి మెట్టు లైసెన్సు టెక్నీషియన్. దాని పరీక్షకు 35 ప్రశ్నలు. 26 సరిగ్గా రాస్తే పాస్. ఎలా పెట్టినా కనీసం ముగ్గురు వాలంటీర్ ఎగ్జామినర్లు ఉండాల్సిందే.

కాగితాన్ని దిద్దడం పెద్ద పనేం కాదు, చిల్లుల స్టెన్సిల్ పెడితే నిమిషంలో అయిపోతుంది. కాకపోతే వేరే ప్రశ్నపత్రం తాలూకు స్టెన్సిల్ పెట్టారో, బాగా రాసినవాళ్లూ ఫెయిలే! అసలు తలనొప్పి లైసెన్సు దరఖాస్తు ఫారంతో. లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ అభ్యర్థికి కేటాయించే పది అంకెల నంబరు ఎఫ్‌ఆర్‌ఎన్‌లో చేతిరాత 1ని 7గా చదివితే దరఖాస్తు ఆగిపోతుంది. నాలుగేళ్లకోసారి ప్రశ్నల బ్యాంకు మారగానే పాత బుక్‌లెట్లన్నీ చెత్తబుట్టకే.

ట్యాబ్లెట్ అయితే అభ్యర్థే ఎఫ్‌ఆర్‌ఎన్ ముందుగా టైపు చేస్తారు. మార్కులు అక్కడికక్కడే, ఫలితాల ఫైలు ఆ రోజే ఎగ్జామినర్లను సమన్వయం చేసే కోఆర్డినేటర్‌కు. వైఫై పోతేనే చిక్కు. ఫోన్ హాట్‌స్పాట్, ఛార్జర్లు, ఐదారు కాగితం సెట్లు దగ్గరుంచుకోవాలి. ఎప్పుడో ఒకరిద్దరు వచ్చే క్లబ్బుకు మాత్రం కాగితమే చాలు.