రెండు వైపులా సింక్ అట! ఆ గెరిట్-గిట్‌హబ్ కనెక్టర్ కొనేముందు ఒక్కసారి చదవండి

రాత్రి రెండు దాటింది, కోపం ఇంకా తగ్గలేదు. తప్పులుంటే సర్దుకోండి.

ప్లగిన్లు అమ్మే సైట్లో పైపైనే కనిపించే, గెరిట్‌కీ గిట్‌హబ్‌కీ మధ్య కోడ్ మోస్తానంటున్న ఆ నీలం లోగో కనెక్టర్ మీలో చాలామంది చూసే ఉంటారు. "రెండు వైపులా సింక్, ఐదు నిమిషాల్లో సెటప్" అని ఉంటుంది చూడండి, అదే. పేరు రాయను, వాళ్ల లాయర్ నోటీసుకి జవాబిచ్చే ఓపిక నాకు లేదు. ఏడాదికి 48,000, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 56,640 రూపాయలు ముందే కట్టించుకున్నారు.

మా గోల మామూలే. కోడ్ రివ్యూ చేయడానికి క్లయింట్ గెరిట్ అనే సాఫ్ట్‌వేర్ తప్ప ఒప్పుకోడు, ఆ సర్వర్ మా దగ్గరే నడుస్తుంది. మా వాళ్లకేమో ఆన్‌లైన్‌లో కోడ్ పెట్టుకునే గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్టే (నా మార్పులు చూసి కలుపుకోండి అని అడగడం) అలవాటు. కోడ్ ఒక్కటే, రివ్యూలు రెండు చోట్ల. ఇది పడ్డవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

పెట్టిన రోజే సింక్ ఆగింది. లాగ్‌లో "ప్రొటెక్టెడ్ బ్రాంచ్ హుక్ డిక్లైన్డ్" అని ఎర్రగా పడింది. వాళ్ల సపోర్ట్ అబ్బాయి వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది: "సర్, మెయిన్ మీద ప్రొటెక్షన్ అడ్డొస్తోంది, తీసేయండి. మా సింక్ సేఫ్ సర్." మెయిన్ అంటే మా అసలు కోడ్ ఉండే శాఖ, అదే బ్రాంచ్. ప్రొటెక్షన్ అంటే దాన్ని ఎవరూ తొక్కేసి రాయకుండా, అంటే ఫోర్స్ పుష్ చేయకుండా, వేసే తాళం. తీసేశాను. పదకొండేళ్లుగా ఇదే పని చేస్తూ, కొత్తగా చేరిన పిల్లలకి "మెయిన్ మీద ఫోర్స్ పుష్ చేస్తే చేతులు విరిచేస్తా" అని చెప్పే నేను, చేతులారా ఆ టిక్ తీసేశాను.

రెండు వారాలు బాగానే నడిచింది. ఎందుకంటే ఆ రెండు వారాలూ మెర్జ్‌లన్నీ, అంటే మార్పుల్ని మెయిన్‌లో కలపడాలన్నీ, గెరిట్‌లోనే జరిగాయి. ఈ సోమవారం మొదటిసారి మూడు పుల్ రిక్వెస్టులు గిట్‌హబ్‌లో మెర్జ్ చేశాం. మంగళవారం సాయంత్రం వాళ్ల సపోర్ట్ అబ్బాయి "చిన్న అప్‌డేట్ సర్" అని లాగిన్ అయి, ఏదో చేసి వెళ్లాడు.

బుధవారం పొద్దున్నే టెస్టర్ వచ్చి, ఓటీపీ బగ్ మళ్లీ వచ్చిందన్నాడు. అది మొన్ననే సరిచేశాం కదా అని పుల్ రిక్వెస్ట్ తెరిచాను. ఊదా రంగులో "మెర్జ్‌డ్" అని నిక్షేపంగా ఉంది. మెయిన్‌లో ఆ ఫైల్ తెరిస్తే మేం రాసిన మూడు లైన్లు లేవు. నా కళ్లే బాగోలేవేమో అని రిఫ్రెష్ కొట్టాను. అప్పుడు బ్రాంచ్‌ల లిస్ట్ చూశాను. పద్నాలుగు ఉండాలి, మూడు ఉన్నాయి. ఓపెన్‌లో ఉన్న ఆరు పుల్ రిక్వెస్టులూ క్లోజ్. ప్రతిదాని కిందా కనెక్టర్ అకౌంట్ బ్రాంచ్ డిలీట్ చేసినట్టు రాసుంది.

సర్వర్‌లోకి వెళ్లి చూస్తే అసలు సంగతి బయటపడింది. మేం 56,640 పోసి కొన్నది ఇంకేదో కాదు, గెరిట్‌తో పాటు ఉచితంగా వచ్చే రిప్లికేషన్ ప్లగిన్! అది గెరిట్‌లోది ఇంకో చోటికి కాపీ చేస్తుంది, ఒకవైపే. దానికి ఒక కాన్ఫిగ్ ఫైల్ రాసి, పైన లోగో అంటించారు. అందులో పుష్ అన్న లైన్ మొదట్లోనే ప్లస్ గుర్తు. గిట్‌లో దానర్థం, అవతల ఏముందో చూడకుండా తొక్కేసి రాయమని. దాని కిందే "మిర్రర్ = ట్రూ". అంటే ఇక్కడ లేని బ్రాంచ్ అక్కడ ఉంటే తుడిచేయమని. మంగళవారం వాడు మొత్తం రిప్లికేషన్ మొదటినుంచి నడిపాడు. అంతే.

ఆ సపోర్ట్ అబ్బాయి మూడోసారికి ఫోన్ ఎత్తాడు. స్పీకర్ పెట్టాను, టీమంతా వింటున్నారు.

"రెండు వైపులా సింక్ అన్నారు కదండీ?"

"అవును సర్. గెరిట్‌లోది గిట్‌హబ్‌కి వస్తుంది. రెండు వైపులా కోడ్ ఉంటుంది కదా సర్."

నాకు నోట మాట రాలేదు. వాడే మళ్లీ, "మిర్రర్ అంటే అద్దం కదా సర్, గెరిట్‌లో లేనిది అద్దంలో ఎలా కనిపిస్తుంది?" అన్నాడు. పాఠం చెప్తున్నాడు నాకు! అదైనా ఓర్చుకున్నాను. తర్వాత చాలా మర్యాదగా, "అయినా ప్రొటెక్షన్ తీసింది మీరే కదా సర్, మేం మీ సెట్టింగ్స్ ముట్టుకోలేదు" అన్నాడు.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. మా జూనియర్ అమ్మాయి తల వంచుకుని కీబోర్డ్ చూస్తోంది. ఫోర్స్ పుష్ గురించి పోయిన నెల నా చేత తిట్లు తిన్నది ఆ అమ్మాయే. వాట్సాప్ మెసేజ్ తీసి వాడికే చదివి వినిపించాను. "అది సజెషన్ మాత్రమే సర్" అన్నాడు. రిఫండ్ అడిగితే, యాక్టివేట్ అయ్యాక కుదరదట.

కోడ్ దొరికింది, అది వాళ్ల పుణ్యం కాదు. పుల్ రిక్వెస్ట్ ఉన్న బ్రాంచ్‌లు గిట్‌హబ్‌లో రిస్టోర్ బటన్‌తో వచ్చాయి. మెయిన్ మాత్రం ఆ జూనియర్ అమ్మాయి లాప్‌టాప్‌లోని రిఫ్‌లాగ్ (బ్రాంచ్ ఇంతకుముందు ఎక్కడుందో గిట్ రాసుకునే చిట్టా) నుంచే లాగాం. మామూలు సెట్టింగ్‌లో అది కనీసం ముప్పై రోజులైనా ఉంటుంది కాబట్టి బతికిపోయాం. రిలీజ్ తప్పింది, క్లయింట్‌కి క్షమాపణల మెయిల్ నేనే రాశాను.

అమ్మేటప్పుడు వాళ్లు రివ్యూ కామెంట్లు కూడా సింక్ అవుతాయన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. గిట్‌హబ్ రివ్యూ కామెంట్లు గిట్ రిపోజిటరీలోనే ఉండవు, పుష్ చేస్తే ఎక్కడినుంచి వస్తాయి? గిట్‌హబ్‌లో పుట్టిన కమిట్‌కి (సేవ్ చేసిన మార్పుకి) ఛేంజ్ ఐడీ, అంటే గెరిట్ ఆ మార్పుని గుర్తుపట్టే నంబర్, ఎవరు పెడతారని ఒక్క మాట అడిగినా వాడు దొరికిపోయేవాడు. అడగలేదు. స్టార్లు చూసి కొన్నాను.

మీకు చెప్పేది ఏముంది, కొనేముందు ఒక డమ్మీ రిపోలో గిట్‌హబ్ వైపు మాత్రమే ఒక చెత్త బ్రాంచ్ పెట్టి, మొత్తం సింక్ వాళ్లచేతే మొదటినుంచి నడిపించి, అది బతికిందో లేదో చూడండి. ప్రొటెక్షన్ తీయమంటే అక్కడే ఆపేయండి. ఇప్పటికే కొన్నవాళ్లు ఆటో రెన్యువల్ ఆపుకోండి, అది ఆన్‌లోనే ఉంది, నేను ఇందాకే చూశాను.