కారణం తేలని మొహం నొప్పి: పన్ను పీకించడం మేలా, మాత్ర మేలా?

చెంప నెలల తరబడి సలుపుతుంటుంది. కావలైనా కందుకూరైనా ముందు వినపడే సలహా "పీకించేయ్, పీడా పోతుంది" అనే. లోపం దొరకని పన్ను తీయిస్తే నొప్పి నాలుగు రోజులు తగ్గినట్టుండి పక్క పన్నుకు పాకుతుంది. అదీ తీయిస్తే చిగురుకు దిగుతుంది. తేడా నొప్పిని మోసే నరాల్లో ఉన్నప్పుడు పీకినా, రూట్ కెనాల్ చేసినా వాటిని ఇంకా రేపినట్టే.

కనిగిరి, పొదిలి వైపు ఇంకో చిక్కుంది. ఫ్లోరైడ్ నీళ్లకు గారపట్టిన పళ్లు కనపడగానే నేరమంతా వాటిమీదికే పోతుంది. గార వేరు, నొప్పి వేరు. చల్లదనం తగిలించి, తట్టి, కొరికించి, చిన్న ఎక్స్‌రే తీశాకే పన్ను సంగతి తేల్చాలి. కొరికి వదిలేటప్పుడు జివ్వుమంటే పగులును అనుమానించాలి. నమిలేటప్పుడు చెవి ముందు టక్కుమని నొప్పెడితే దవడ కీలు చూపించుకోవాలి.

ఇక మాత్రల్లో ఏదన్నది నొప్పి తీరును బట్టే. మొహం కడుగుతుంటేనో, బస్సు కిటికీ గాలి తగిలితేనో కరెంటు షాకులా కొట్టి, 2 నిమిషాల్లోపే ఆగిపోతుంటే అది ట్రైజెమినల్ న్యూరాల్జియా (మొహానికి వెళ్లే నరం నొప్పి) కావచ్చు. దానికి కార్బమజెపైన్ మేలు, ఎమ్మారై కూడా తీయించాలి. ఈ మాత్రతో తూలు వస్తుంది, రక్తంలో సోడియం పడిపోవచ్చు. ఒంటిమీద దద్దుర్లు లేస్తే మాత్ర ఆపి అదేరోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

అలా కాక రోజూ 2 గంటలకు పైగా, 3 నెలలు దాటినా వదలకుండా, ఇదిగో ఇక్కడ అని వేలుపెట్టి చూపలేని సలుపైతే, పరీక్షల్లో ఇంకే కారణమూ దొరక్కపోతే, అమిట్రిప్టిలిన్‌దే మొగ్గు. డాక్టర్లు సాధారణంగా రాత్రిపూట 10 మి.గ్రా.తో మొదలుపెట్టి, వారం రెండు వారాలకోసారి 10 చొప్పున పెంచుతారు. చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే: మూడో రోజుకే "పనిచేయలా" అని మానేస్తారు. గుణం తెలియడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మందుల షాపులో "ఇది డిప్రెషన్ మాత్ర" అన్నారని పారేసేవాళ్లూ ఉన్నారు. డిప్రెషన్‌కు వాడే మోతాదు దీనికి ఎన్నో రెట్లు. నోరెండడం, పొద్దున మత్తు, మలబద్ధకం మామూలే. ప్రొస్టేట్ ఇబ్బంది, గ్లాకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు), గుండె జబ్బు ఉంటే ముందే చెప్పాలి.

రోజూ మింగే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ల ఈ సలుపును తగ్గించదు సరికదా, కడుపునూ కిడ్నీలనూ దెబ్బతీస్తుంది.

50 దాటినవాళ్లకు కొత్తగా కణత నొప్పి వచ్చి, నమిలేకొద్దీ దవడ లాగుతూ, చూపు మసకబారితే ఈ లెక్కలేవీ పనికిరావు. ఒంగోలో నెల్లూరో, ఆ రోజే పెద్దాసుపత్రికి చేరాలి. మొహం మొద్దుబారినా, గుట్కా నమిలేవాళ్లకు నోట్లో పుండు 3 వారాలైనా మానకపోయినా ఆలస్యం చేయకూడదు.