కీళ్ల నొప్పులకి పొట్లాల్లో మందు ఇస్తే తీసుకోకండి (వైజాగ్ వాళ్లకి)

ఇంట్లో ఎవరికైనా కీళ్ల వాపులుండి డాక్టర్ కోసం వెతుకుతుంటే ఇది చదివి వెళ్లండి. మాకు 20 వేలకి దగ్గరగా పోయింది, డబ్బు సంగతి అలా ఉంచితే అమ్మకి లేని సుగర్ వచ్చింది.

అమ్మకి 54. పోయిన శ్రావణంలో వేళ్ల కణుపులు వాచడం మొదలైంది. పొద్దున లేచాక పిడికిలి ముడవలేదు, కుళాయి తిప్పలేదు, గోరువెచ్చటి నీళ్లలో చేతులు పెట్టుకుని కూర్చుంటే తొమ్మిదిన్నరకి గానీ వేళ్లు వదులయ్యేవి కావు. ఉంగరం సబ్బు రాసినా రాలేదు, చివరికి కంసాలి దగ్గర కోయించాం. మేమేమో వయసు నొప్పులని బామ్ రాస్తూ రెండు నెలలు గడిపేశాం. అది మా తప్పే, ఎవర్నీ అనడానికి లేదు.

తర్వాత పక్కింటావిడ చెప్తే గాజువాక వైపు ఒక క్లినిక్‌కి వెళ్లాం. పేరు రాయను. బోర్డు మీద రుమటాలజీ (కీళ్లవాతం లాంటి జబ్బుల వైద్యం) అని పెద్ద అక్షరాలు, కింద మోకాళ్లు, సయాటికా, నడుము, మెడ, ఆపరేషన్ లేకుండా గ్యారంటీ అని. లోపల డాక్టర్ అమ్మ చెయ్యి పట్టుకుని చూసింది కూడా లేదు, ముందు పక్క ల్యాబ్‌లో 4,800 ప్యాకేజీ చేయించుకు రమ్మన్నాడు. ఇన్ని టెస్టులు దేనికండీ అని కౌంటర్ దగ్గర అడిగితే, "ఏటమ్మా, డాక్టరుగారి కన్నా నీకెక్కువ తెలుసా?" అంది అక్కడి అమ్మాయి. ఆర్ఏ ఫ్యాక్టర్ (కీళ్లవాతానికి చూసే రక్తపరీక్ష) కొంచెం ఎక్కువుంది, మూడు నెలల కోర్సు 18,000, ఇవాళే కడితే 15,000 అన్నారు. కట్టేశాం. వైద్యానికి కూడా ఆషాఢం డిస్కౌంట్ ఏమిటని అప్పుడు తట్టలేదు.

మందు అంటే తెల్లకాగితం పొట్లాలు. ఒక్కోదాంట్లో ఒక సగం ముక్క, ఒక చిన్న గులాబీ రంగు బిళ్ల, పేరు లేని క్యాప్సూల్. స్ట్రిప్ లేదు, బిల్లు లేదు, చీటీ లేదు, పొట్లం మీద నీలం పెన్నుతో "ఉ", "రా" అంతే. మూడో రోజుకి అమ్మ రోట్లో పచ్చడి నూరింది. మేం మోసపోయింది అక్కడే, ఎందుకంటే అంత తొందరగా తగ్గితే ఎవరికి అనుమానం వస్తుంది చెప్పండి, పైగా నేను ఇంకో ఇద్దర్ని అక్కడికి పంపాను కూడా, ఇప్పుడు వాళ్ల ముఖం చూడలేకపోతున్నాను. నెలన్నర తిరిగేసరికి అమ్మ బుగ్గలు ఉబ్బాయి. పెళ్లిలో చుట్టాలు "ఒళ్లు చేశావే" అని ముచ్చటపడ్డారు. కాళ్లు లాగుతున్నాయంటే రక్తం చూపించాం, పరగడుపు సుగర్ 186. క్లినిక్‌కి ఫోన్ చేస్తే దానికి సుగర్ డాక్టర్‌కి చూపించుకోండి అని పెట్టేశారు.

ఈసారి ఎవరో చెప్పారని కాకుండా డిగ్రీ చూసి వెళ్లాను. రుమటాలజిస్ట్ అంటే ఎంబీబీఎస్, ఎండీ అయ్యాక ఇంకో మూడేళ్లు డీఎం గానీ డీఆర్‌ఎన్‌బీ గానీ ఆ సబ్జెక్టులోనే చదివినవాళ్లు. పేరు పక్కన ఏవో సర్టిఫికెట్ కోర్సుల అక్షరాలుంటే అది వేరు. ఎముకల డాక్టర్ కూడా వేరు, మోకాలు అరిగితే ఆయన దగ్గరికే వెళ్లాలి, కానీ రెండు చేతుల్లో చిన్న కీళ్లు వాచి పొద్దున గంటసేపు బిగుసుకుపోతుంటే రుమటాలజీకే వెళ్లాలి. నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో డాక్టర్ల రిజిస్టర్ ఉంటుంది, పేరో రిజిస్ట్రేషన్ నంబరో కొట్టి చూడొచ్చు. డబ్బు ఇబ్బందైతే కేజీహెచ్‌లో (మన పెద్ద ప్రభుత్వాసుపత్రి) మెడిసిన్ ఓపీకి వెళ్లండి, లైన్‌లో సగం రోజు పోతుంది, అయినా పొట్లాల వాళ్లకన్నా వెయ్యి రెట్లు నయం.

కొత్త డాక్టరుగారు అమ్మ ముఖం చూస్తూనే "ఏం మందులు వాడుతున్నారు?" అన్నారు. పొట్లం విప్పి చూపించా. ఉదయం 8 గంటలకి రక్తం తీయించి కార్టిసాల్ (ఒంట్లోనే తయారయ్యే స్టెరాయిడ్) చూస్తే అడుగంటి ఉంది, బయటినుంచి స్టెరాయిడ్ పడుతోంటే ఒంట్లో తయారయ్యేది ఆగిపోతుందట. అంటే ఆ పొట్లాల్లో ఉన్నది స్టెరాయిడే, బుగ్గలు ఉబ్బిందీ సుగర్ వచ్చిందీ దానివల్లే. ఆర్ఏ ఫ్యాక్టర్ ఒక్కటీ చూసి జబ్బు తేల్చరని కూడా ఆయనే చెప్పారు, ఏ జబ్బూ లేనివాళ్లలోనూ అది పాజిటివ్ రావొచ్చు, జబ్బున్న కొందరిలో రాకపోవచ్చు. అమ్మకి యాంటీ సీసీపీ (కీళ్లవాతానికే చేసే ఇంకో రక్తపరీక్ష) కూడా పాజిటివ్, అన్నిటికన్నా ముందు ఒక్కో కణుపూ నొక్కి చూశారు.

వెళ్లేముందు నేను చేసినవాటిలో బాగా పనికొచ్చింది ఫోటోలు. అపాయింట్‌మెంట్ రోజుకి వాపు ఉండకపోవచ్చు, అందుకే వాచిన పొద్దున్నే రెండు చేతులూ ఫోన్‌లో తీసిపెట్టండి. పొద్దున బిగుతు ఎన్ని నిమిషాలుంటుందో వారం రోజులు రాసుకోండి, చాలా నొప్పి అంటే డాక్టర్‌కి ఏమీ అర్థం కాదు. పాత రిపోర్టులు తేదీ వరసలో పెట్టండి. ఆయుర్వేదం, పసరు, ఇంజెక్షన్ ఏది వాడినా దాచకండి, ఇంట్లో టీబీ ఉన్నా సోరియాసిస్ ఉన్నా చెప్పండి. గోళ్లకి గోరింటాకు, రంగు వద్దు, గోళ్ల మీద గుంటలు కూడా చూస్తారు (అమ్మ అట్లతద్దికి పెట్టుకున్న ఎరుపు ఇంకా పోలేదు, చీవాట్లు తిన్నాం). పెళ్లైన ఆడపిల్లలైతే పిల్లల ప్లాన్ ఉందో లేదో ముందే చెప్పాలి, కొన్ని మందులు గర్భం వచ్చేవాళ్లకి పనికిరావు.

ఇప్పుడు అమ్మకి మెథోట్రెక్సేట్ (కీళ్లవాతం మందు) వారానికి ఒక్కరోజే, చీటీ మీద మంగళవారం అని పెద్దగా రాసి కింద గీత గీశారు. రోజూ వేసుకుంటే ప్రాణం మీదకొస్తుంది, మెడికల్ షాపులో కూడా ఇంకోసారి అడిగి రాయించుకోండి. పనిచేయడానికి వారాలు పడుతుందన్నారు, మధ్యమధ్య లివర్‌కి, రక్తకణాలకి టెస్టులు. పచ్చడి ఇంకా మిక్సీలోనే.

ఎవరైనా ఇప్పటికే అలాంటి పొట్లాలు వాడుతుంటే ఇది చదివి భయపడి ఈ పూటే ఆపేయకండి. స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ఆస్పత్రిలో చేరాల్సి రావొచ్చు, అమ్మకి కూడా కొద్దికొద్దిగా తగ్గిస్తూ వస్తున్నారు. మిగిలిన పొట్లాలు పారేయకుండా కవర్లో వేసి అసలు డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లండి, అదీ ఈ వారంలోనే.