క్లీట్ పెడలా, ఫ్లాట్ పెడలా: మౌంటెన్ బైక్‌కి ఏది మేలు?

మూడేళ్లు క్లీట్ పెడళ్ల మీదే, అంటే షూ అడుగున బిగించిన చిన్న ముక్క (క్లీట్) వచ్చి ఇరుక్కునే పెడళ్ల మీదే, మౌంటెన్ బైక్ తొక్కాను. పోయిన వానాకాలం అనంతగిరి కొండల్లో ఒక చిన్న ఎక్కుడు మధ్యలో వెనక చక్రం చెట్టువేరు మీద జారి సైకిల్ ఆగిపోయింది. అలాంటప్పుడు మడమను బయటికి తిప్పితే షూ పెడల్ నుంచి ఊడిరావాలి. తిప్పాను, కానీ క్లీట్ చుట్టూ ఎర్రమట్టి గట్టిగా ఇరుక్కుని ఉంది, కాలు రాలేదు. సైకిల్‌తో సహా పక్కకి ఒరిగిపోయాను, మోచేయి రాయికి తగిలింది. దెబ్బ పెద్దదేం కాదు. కానీ ఆ తర్వాత ఏ ఎక్కుడు వచ్చినా నా ధ్యాస దారి మీద కాక కాళ్ల మీదే ఉండేది. ఆ టెన్షన్ భరించలేక ఫ్లాట్ పెడళ్లకి, అంటే షూని బిగించకుండా పైనున్న చిన్న పిన్నులతోనే పట్టు ఇచ్చే బల్లపరుపు పెడళ్లకి, మారాను. ఎనిమిది నెలలైంది.

మన దగ్గర క్లీట్ పెడల్ అనేదాన్నే కంపెనీలు క్లిప్‌లెస్ అంటాయి. షూని పట్టి బిగించేదానికి 'క్లిప్ లేనిది' అన్న పేరేమిటని కొత్తవాళ్లు తికమకపడతారు. పాతకాలంలో పాదాన్ని ఒక లోహపు చట్రంలో దూర్చి పట్టీతో బిగించేవారు. దాని పేరు టో క్లిప్. అది అక్కర్లేకుండా చేసింది కాబట్టి క్లిప్‌లెస్. ఫ్రాన్స్‌కి చెందిన లుక్ కంపెనీ 1984లో రోడ్డు సైకిళ్లకి వీటిని తెచ్చింది. మరుసటి ఏడాది ఫ్రెంచ్ రేసర్ బెర్నార్ ఇనో వాటితోనే టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. మట్టిదారులకి సరిపడేలా, షూ అడుగున లోపలికి ఒదిగిపోయే చిన్న లోహపు క్లీట్‌తో షిమానో కంపెనీ ఎస్‌పీడీ రకం పెడల్ 1990లో వచ్చింది.

క్లీట్ పెడళ్ల గురించి ఎక్కువగా వినిపించే మాట, కాలిని పైకి కూడా లాగొచ్చు కాబట్టి బలం కలిసొస్తుందని. నేనూ అదే నమ్మి కొన్నాను. అయితే 2007లో వెలువడిన ఒక పరిశోధనలో, సైక్లిస్టులు కావాలని పైకి లాగుతూ తొక్కినప్పుడు అదే పనికి శరీరం ఎక్కువ శక్తి ఖర్చుపెట్టిందని తేలింది. మామూలు వేగంలో తొక్కేటప్పుడు పని చేసేది కిందికి నొక్కే కాలే. ఫ్లాట్‌కి మారాక నా ఎక్కుళ్లలో పెద్ద తేడా ఏమీ కనబడలేదు.

అసలు తేడా దిగుళ్లలో, గెంతుల్లో బయటపడింది. క్లీట్‌తో ఉన్నప్పుడు అడ్డంగా ఉన్న దుంగని దాటాలంటే రెండు కాళ్లూ పైకి లాగేవాణ్ని, సైకిల్ వాటితోపాటే లేచేది. సైకిల్‌తో సహా గెంతే బన్నీ హాప్ అంటే అదే అనుకున్నాను. ఫ్లాట్ పెడళ్లతో మొదటి రోజు అలాగే చేస్తే కాళ్లు మాత్రమే లేచాయి, సైకిల్ నేల మీదే ఉండిపోయింది. సరైన పద్ధతి వేరు. ముందు ఒళ్లంతా వెనక్కి వాల్చి ముందు చక్రం లేపాలి. తర్వాత కాలివేళ్లు కిందికి వంచి, పెడల్‌ని వెనక్కి గీరినట్టు నెడుతూ చేతులతో హ్యాండిల్‌ని ముందుకి తోయాలి. ఇది ఒంటికి అలవాటు కావడానికి నాకు రెండు నెలలు పట్టింది. దిగుడులో కూడా అంతే. మడమలు కిందికి దించి బరువు పాదాల మీద వెయ్యకపోతే రాళ్ల మీద ఎగిరినప్పుడు కాలు పెడల్ నుంచి జారిపోతుంది. ఇన్నాళ్లూ నా తప్పులన్నిటినీ క్లీట్లు కప్పిపెట్టాయని అప్పుడు తెలిసింది. మౌంటెన్ బైకింగ్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లెవరైనా కనీసం ఒక ఏడాది ఫ్లాట్ మీదే నేర్చుకోవాలని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఫ్లాట్ అంటే నేర్చుకునేవాళ్లకే అనుకోకండి. ఆస్ట్రేలియా రేసర్ శామ్ హిల్ ఫ్లాట్ పెడళ్లతోనే డౌన్‌హిల్‌లో (కొండ దిగే పోటీ) మూడుసార్లు (2006, 2007, 2010) ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. తర్వాత 2017 నుంచి వరసగా మూడేళ్లు ఎండ్యూరో వరల్డ్ సిరీస్ (దిగుళ్లకి మాత్రమే టైమ్ లెక్కపెట్టే పోటీల వరస) కూడా గెలిచాడు. అదే ఎక్కుళ్లూ దిగుళ్లూ కలిసిన ఒలింపిక్ క్రాస్‌కంట్రీలో చూస్తే దాదాపు అందరివీ క్లిప్‌లెస్సే. గంటన్నరసేపు ప్రాణం పెట్టి తొక్కే పోటీలో, చివరి స్ప్రింట్‌లో కాలు ఒక్కసారి కూడా తప్పకూడదు. అక్కడ వాటికి తిరుగులేదు.

ఫ్లాట్ పెడళ్లకి ఒక షరతు ఉంది: షూ. రన్నింగ్ షూతో తొక్కితే మెత్తటి అడుగు వంగిపోతుంది, పట్టు దొరకదు. రాళ్లెక్కేవాళ్ల షూలతో మొదలైన ఫైవ్ టెన్ లాంటి కంపెనీలు చేసే అతుక్కునే రబ్బరు షూ వేసుకుంటే పెడల్ పిన్నులు అందులో దిగబడతాయి. డబ్బు తక్కువుంటే పెడల్ నైలాన్‌ది తీసుకుని షూ మీద ఖర్చుపెట్టండి. ఇంకోటి, షిన్ గార్డ్ తప్పనిసరి. కాలు జారితే ఆ పిన్నులు మోకాలి కింద ఎముక మీద గీతలు గీస్తాయి. నా కుడికాలి మీద నాలుగు మచ్చలున్నాయి.

హైదరాబాద్ చుట్టుపక్కల తొక్కేవాళ్లు ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. మన దారుల్లో గ్రానైట్ బండలెక్కువ, సైకిల్ భుజాన వేసుకుని నడవాల్సిన చోట్లూ ఎక్కువే. బండ మీద లోహపు క్లీట్ జారుతుంది, రబ్బరు అడుగు పట్టుకుంటుంది.

క్లీట్ వదలడం ఇష్టం లేనివాళ్లు ముందు పెడల్ మీద పట్టు బిగువుని మార్చే చిన్న స్క్రూని 3 ఎంఎం ఆలెన్ కీతో వదులు చేసి చూడండి. ఎస్‌పీడీ అయితే, పక్కకే కాక వేరే దిక్కుల్లో లాగినా ఊడే ఎస్‌హెచ్ 56 క్లీట్లు కూడా దొరుకుతాయి. బురదలో కాలు ఇరుక్కునే బాధ పూర్తిగా పోదు గానీ, భయం తగ్గుతుంది.

నా పాత పెడళ్లు అమ్మలేదు. హైదరాబాద్ నుంచి వికారాబాద్ దాకా రోడ్డు మీదే తొక్కుకుంటూ వెళ్లే రోజున వాటినే బిగిస్తాను. అన్ని గంటలు పాదం ఒకేచోట కుదురుగా ఉండటం నిజంగా హాయి. మార్చేటప్పుడు ఎడమ పెడల్‌ మర వ్యతిరేక దిశలో ఉంటుందని మర్చిపోవద్దు, మరలకి కాస్త గ్రీజు రాయండి. షూ మారితే అడుగు మందమూ మారుతుంది కాబట్టి సీటు ఎత్తు మళ్లీ సరిచూసుకోండి.