లివర్ క్యాన్సర్ ఎలా మొదలవుతుందో చూడాలంటే హెపాఆర్‌జీ కణాలే నయం

లివర్ క్యాన్సర్ మీద పని మొదలుపెట్టే స్టూడెంట్లు ఎక్కువగా హెప్‌జీ2 అనే, ల్యాబ్‌లో పెంచే కాలేయ కణితి కణాలే తెచ్చుకుంటారు. చవక, పెంచడం తేలిక, పక్క ల్యాబ్‌లో అడిగినా ఇస్తారు. కానీ అవి 15 ఏళ్ల అబ్బాయి కణితి నుంచి తీసినవి, అది పెద్దవాళ్లకు వచ్చే రకం కాదు, పిల్లల్లో వచ్చే హెపటోబ్లాస్టోమా అనే కాలేయ కణితి అని తర్వాత తేలింది.

నా ఓటు హెపాఆర్‌జీ అనే ఇంకో రకం కాలేయ కణాలకే. 2002లో ఫ్రాన్స్ పరిశోధకులు వీటి గురించి ప్రచురించారు. ఇవీ కణితి నుంచి వచ్చినవే, అయినా రెండు వారాలు పెంచి, ఇంకో రెండు వారాలు డీఎంఎస్‌ఓ అనే రసాయనం కలిపిన మీడియంలో (కణాలు పెంచే ద్రవంలో) ఉంచితే కొన్ని కాలేయ కణాల్లా, కొన్ని పిత్తనాళ కణాల్లా మారతాయి, కాలేయంలో మందుల్ని, విషాల్ని మార్చే సిప్ (CYP) ఎంజైములు కూడా బాగా పనిచేస్తాయి. అసలు విషయం ఇక్కడే ఉంది: బూజు పట్టిన వేరుశనగలో ఉండే అఫ్లాటాక్సిన్ బి1 తనంతట తాను డీఎన్‌ఏకి అతుక్కోదు, సిప్3ఎ4 లాంటి ఎంజైములు దాన్ని మార్చాకే అతుక్కుంటుంది. హెప్‌జీ2లో ఆ ఎంజైములు బాగా తక్కువ కాబట్టి అంత విషం కూడా మామూలుదిలా కనిపించే ప్రమాదం ఉంది. పల్లీలు, మొక్కజొన్న ఇంతగా తినే మన దగ్గర ఈ తేడా నాకు చాలా పెద్దదనిపిస్తుంది. హెపటైటిస్ బి వైరస్ కూడా హెపాఆర్‌జీకి సోకుతుంది, మామూలు హెప్‌జీ2కి దాదాపు సోకదు.

లోపాలూ ఉన్నాయి. ఖరీదెక్కువ, ప్రతి ప్రయోగానికీ నెల ఆగాలి, పైగా అన్నీ ఒకే పేషెంటు కణాలు, రోగనిరోధక కణాలు పక్కన ఉండవు. బడ్జెట్ ఉంటే ఫలితాన్ని ఆర్గనాయిడ్లలో (ల్యాబ్‌లో పెంచే చిన్న అవయవాల్లాంటి కణాల ముద్దల్లో) కూడా సరిచూసుకోండి. కణాలు ఎక్కడి నుంచి తెచ్చినా మైకోప్లాస్మా (కణాల్లో కనిపించకుండా చేరే బ్యాక్టీరియా) టెస్టు మాత్రం మానకండి.