పారదర్శక స్టాంపులతో కార్డుల తయారీ: ఏళ్ల వాడకం తర్వాత నా తీర్పు

ఇంకు రాసి కాగితం మీద బొమ్మ అద్దే పారదర్శక స్టాంపుల మీద వినిపించే ఫిర్యాదుల్లో చాలావరకు స్టాంపులకు సంబంధించినవి కావు. బొమ్మ మసకగా పడిందనీ, మధ్యలో తెల్ల మచ్చలు మిగిలాయనీ, అంచులు చెదిరాయనీ అంటారు. పుట్టినరోజు కార్డులు, అభినందన కార్డులు, పరామర్శ కార్డులు ఏళ్ల తరబడి చేస్తూ వచ్చాక నాకు తేలింది ఏమిటంటే, ఈ నేరాలకు ముందు బోనెక్కించవలసింది కాగితాన్ని, ఆ తర్వాత ఇంకును. స్టాంపుకూ లోపాలున్నాయి కానీ అవి వేరు.

మంచి పారదర్శక స్టాంపు ఫోటోపాలిమర్‌తో తయారవుతుంది. అతినీలలోహిత కాంతి తగిలితే గట్టిపడే పదార్థం అది. చూడటానికి ఇలాగే ఉండే సిలికాన్ రకం కూడా దొరుకుతుంది. దాని మీద ఇంకు సమంగా పరుచుకోదు, చుక్కలు చుక్కలుగా ముడుచుకుపోతుంది. కొనేముందు ప్యాకెట్ మీద ఏమి రాసి ఉందో చదివితే చాలు. ఫోటోపాలిమర్ కూడా కొత్తలో కాస్త మొరాయిస్తుంది, ఎందుకంటే తయారీనాటి జిడ్డుపొర దాని మీద మిగిలి ఉంటుంది. పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో తేలికగా రుద్దితే ఆ పొర పోయి ఇంకు పట్టుకుంటుంది. ఈ చిన్న పని చేయకుండానే సెట్టు బాగాలేదని తిరిగి పంపేసినవాళ్లు నాకు తెలుసు.

మన్నిక విషయంలో నాకు ఫిర్యాదు లేదు. నా పాత సెట్లు కొన్ని పసుపు రంగుకు తిరిగాయి, అయినా బొమ్మ మాత్రం కొత్తలో పడినట్టే పడుతోంది. నల్ల ఇంకు మరకలు ఎంత కడిగినా పోవు, వాటివల్ల నష్టమూ లేదు. స్టాంపును అతికించి అద్దే పారదర్శక యాక్రిలిక్ దిమ్మకు అంటుకునే గుణం తగ్గినప్పుడు సబ్బు నీళ్లతో కడిగి ఆరబెడితే పట్టు తిరిగి వస్తుంది. ఎండ తగిలే చోట మాత్రం ఉంచకూడదు. గాజు మీదా ప్లాస్టిక్ మీదా కూడా నిలిచే ద్రావక ఇంకులు కొన్ని ఉన్నాయి. వాటిని తుడవడానికి వాడే ఘాటైన ద్రవం పాలిమర్‌ను పాడుచేయగలదు. అలాంటి ఇంకు అవసరమైతే ఎర్ర రబ్బరు స్టాంపు తీయడం మేలు.

పారదర్శక స్టాంపుల అసలు లోపం మెత్తదనం. కాస్త గట్టిగా నొక్కితే సన్నని గీత లావెక్కుతుంది, చిన్న అక్షరాల పొట్టలు పూడుకుపోతాయి. పక్షి ఈకలు, చెట్టు బెరడు, పాత భవనాల వంటి సూక్ష్మమైన బొమ్మల్లో రబ్బరుదే పైచేయి. శుభాకాంక్షల వాక్యాలకూ, రంగులు నింపుకునే గీత బొమ్మలకూ పారదర్శకాలే నా ఎంపిక. దిమ్మలోంచి కింద కాగితం కనిపిస్తుంది కాబట్టి వాక్యం వంకరపోదు. పైగా చెక్క పిడుల స్టాంపులు అలమారా నింపేస్తే ఇవి ఒక ఫైలులో సర్దుకుంటాయి.

ఇక కాగితం. కార్డు ఒళ్లు 300 జీఎస్ఎం కాగితంతో చేస్తాను. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే కొలత, మామూలు జిరాక్సు కాగితం 80 ఉంటుంది. 200కు తక్కువైతే కార్డు నిలబెట్టినప్పుడు వంగిపోతుంది. బొమ్మ అద్దే పొరకు బరువు కన్నా నునుపు ముఖ్యం. గరుకైన నీటిరంగుల కాగితం మీద ఎంత మంచి స్టాంపయినా పల్లాల్లోకి దిగదు. మొదట్లో చెప్పిన తెల్ల మచ్చలు పుట్టేది అక్కడే. నీటిరంగులు వేయాలనుకుంటే హాట్ ప్రెస్ రకం తీసుకోండి, అది నీటినీ తట్టుకుంటుంది, నునుపుగానూ ఉంటుంది.

మడత దగ్గర పగుళ్లు వస్తే అందరూ కాగితం నాణ్యతను తిడతారు. చాలాసార్లు కారణం గ్రెయిన్, అంటే కాగితంలో నారలు పరుచుకున్న దిశ. మడత ఆ దిశలోనే పడాలి, అడ్డంగా పడితే నారలు విరుగుతాయి. ఏ4 కాగితాల్లో నారలు సాధారణంగా పొడవు వెంట ఉంటాయి. దాన్ని అడ్డంగా రెండు ఏ5 ముక్కలు చేసి ఒక్కొక్కటీ సగానికి మడిస్తే ఏ6 కార్డు వస్తుంది, మడత నారల వెంటే పడుతుంది. అదే కాగితాన్ని నిలువునా రెండు పొడవాటి పట్టీలుగా కోసి మడిచినా వచ్చేది 105 మిల్లీమీటర్ల వెడల్పు, 148 పొడవు ఉన్న అదే కార్డే. కానీ మడత నారలకు అడ్డం పడుతుంది, ముదురు రంగు కాగితమైతే తెల్లటి చీలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పైకి తెరుచుకునే కార్డు కావాలంటే మొదటి పద్ధతిలో చేసిన కార్డునే అడ్డంగా తిప్పి, మడతను పైకి పెట్టుకుంటే సరి. ఈ ఏ6 కార్డు సీ6 కవరులో చక్కగా ఇముడుతుంది.

మడిచే ముందు గాడి గీయాలి. గాడి గీసిన పలక మీద కాగితానికి ఒక వైపు లోతు, మరో వైపు ఉబ్బు ఏర్పడతాయి. సహజంగా అందరి చేయీ లోతు వైపుకే మడుస్తుంది. సరైన పద్ధతి దానికి తలకిందులు: ఉబ్బు లోపల ఉండాలి, లోతు బయటికి రావాలి. అప్పుడు బయటి నారల మీద లాగుడు తగ్గుతుంది. మడత నొక్కడానికి ఎముకతో చేసిన బోన్ ఫోల్డర్ వాడితే ముదురు కాగితం మీద నిగనిగలాడే చార మిగులుతుంది. టెఫ్లాన్‌తో చేసినదానికి ఆ బెడద లేదు. నా బల్ల మీద ఎక్కువ అరిగిన పనిముట్టు అదే.

ఇంకు విషయంలో కొత్తవాళ్లు రంగులు చూసి కొంటారు, స్వభావం చూడరు. డై ఇంకు కాగితంలోకి ఇంకి త్వరగా ఆరుతుంది, వెలుతురులో ఉంచితే క్రమంగా వెలిసిపోతుంది. పిగ్మెంటు ఇంకు పైనే నిలుస్తుంది, ఆరడానికి సమయం తీసుకుంటుంది, ముదురు కాగితం మీద కూడా కనిపిస్తుంది. గీత బొమ్మను ఆల్కహాలు మార్కర్లతో నింపాలంటే ఆ మార్కర్లకు చెదరని నల్ల ఇంకు కావాలి, నీటిరంగులకైతే నీటికి కరగనిది కావాలి. ఒకే నలుపు రెండింటికీ సరిపోతుందని అనుకోవద్దు. మార్కర్లలో నేను కోపిక్ వాడతాను. 1987లో జపాన్‌లో మొదలైన ఈ రకంలో ఇంకు తిరిగి నింపుకోవచ్చు, మొన అరిగితే మార్చుకోవచ్చు. మొదట ఖర్చు ఎక్కువే అయినా పారేయవలసిన అవసరం రాలేదు.

స్టాంపు అద్దితే అది చేతిపని ఎలా అవుతుందని అడిగేవాళ్లున్నారు. నాకు ఈ వాదన మీద ఓపిక తక్కువ. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ వేయించిన తొలి వాణిజ్య క్రిస్మస్ కార్డుకు కూడా గీతలు అచ్చుయంత్రంవి, రంగులు చేతితో నింపినవి. గీత ఎవరిదైనా ఏ రంగు ఎక్కడ ఆగాలో తేల్చుకునేది చేయే.

స్టాంపును స్థిరంగా నిలిపే పలకను మొదట విలాసమనుకున్నాను. మిస్టీ అనే సాధనం వీటికి ప్రాచుర్యం తెచ్చింది, ఇప్పుడు చాలా సంస్థలు చేస్తున్నాయి. కాగితాన్ని అయస్కాంతంతో కదలకుండా పెట్టి, తెరిచి మూసే మూతకు స్టాంపును అతికించి నొక్కాలి. బొమ్మ సరిగా పడకపోతే మళ్లీ ఇంకు రాసి మూత మూస్తే రెండో అచ్చు సరిగ్గా మొదటి దాని మీదే పడుతుంది. గరుకు కాగితం సమస్య సగానికి సగం ఇక్కడ తీరిపోతుంది. ఒకే వాక్యాన్ని వరసగా పది కార్డుల మీద ఒకే చోట అద్దాలన్నా దీన్ని మించింది లేదు. ఈ ఒక్కటి ఉంటే విడి దిమ్మల అవసరం బాగా తగ్గుతుంది.

ఎంబాసింగ్ పొడి చూపించేంత మాయ ఇంకేదీ చూపించదు. నెమ్మదిగా ఆరే ఇంకుతో అద్ది, పొడి చల్లి, మిగిలింది దులిపి, హీట్ గన్‌తో వేడి చేస్తే పొడి కరిగి ఉబ్బెత్తు గీత అవుతుంది. డై ఇంకు త్వరగా ఆరిపోతుంది కాబట్టి పొడి దానికి సరిగా అంటదు. జుట్టు ఆరబెట్టే యంత్రంతో ఈ పని జరగదు, అందులో గాలి ఎక్కువ, వేడి తక్కువ. హీట్ గన్‌ను ముందు పక్కకు తిప్పి వేడెక్కనిచ్చి, ఆ తర్వాతే కాగితం మీదకు తేవాలి. పొడి మెరుపుగా మారిన క్షణంలో ముందుకు కదలకపోతే అది అతిగా కరిగి కాగితంలోకి దిగిపోతుంది, మిగిలేది నూనె మరకలాంటి గీతే. అద్దే ముందు కాగితాన్ని యాంటీ స్టాటిక్ (స్థిర విద్యుత్తును తగ్గించే) పొడి సంచితో ఒకసారి తట్టడం మరవకండి, లేకపోతే అక్కరలేని చోట్ల కూడా రేణువులు అంటుకుని మెరుస్తాయి. ఉబ్బెత్తు గీతకు ఇంకో ఉపయోగం ఉంది: నీటిరంగు దాన్ని దాటదు, గట్టులా ఆపుతుంది.

డై కటింగ్ యంత్రం సంగతి క్లుప్తంగా చెబుతాను. బరువు, చప్పుడు, చోటు తినే గుణం, మూడూ దానికున్నాయి. రెండు పలకల మధ్య కాగితాన్నీ, ఆకారం కోసే ఉక్కు అచ్చునీ (దీన్నే డై అంటారు, డై ఇంకుతో దీనికి సంబంధం లేదు) పేర్చి రోలర్ల మధ్య తిప్పితే ఆకారం కోసి ఇస్తుంది. పలకలను తిరగేస్తూ వాడకపోతే ఒక వైపుకు వంగిపోతాయి. వృత్తం, దీర్ఘచతురస్రం, కుట్టు గీతల అంచు ఉన్న సాదా డైలు నాకు ప్రతివారం పనికొస్తున్నాయి. జల్లెడలా చెక్కిన పూలతీగల డైలను మాత్రం మళ్లీ కొనను. వాటి సందుల్లో ఇరుక్కున్న కాగితపు తునకలను సూదితో పొడుచుకుంటూ కూర్చోవడం నాకు సరదా కాదు.

జిగురులో తెల్ల పీవీఏ చాలు, కాకపోతే పలుచటి కాగితాన్ని అది ముడతలు పెడుతుంది, అక్కడ రెండు వైపులా అంటుకునే టేపు వాడాలి. పొరను పైకి లేపడానికి ఫోమ్ టేపు. ఇక్కడే చాలామంది తపాలాను మరిచిపోతారు. ప్రపంచ తపాలా సంఘం చిన్న ఉత్తరాలకు పెట్టిన మందం హద్దు 5 మిల్లీమీటర్లు. రెండు పొరల ఫోమ్, వాటి మీద రాళ్లూ పూసలూ చేరితే కార్డు ఆ హద్దును సులువుగా దాటుతుంది. మీ దేశపు తపాలా నియమం ఒకసారి చూసుకోండి. పంపాల్సిన కార్డుకు నేను ఒకే ఒక్క పొర ఫోమ్ వేస్తాను, రాళ్లు అతికించినవి నేరుగా చేతికే ఇస్తాను.